మన్రో దొర పట్టు విడుపులు

రాయదుర్గము కొండ యెక్కి నలుదిక్కులు పరికించినవారికి ఆ సీమ స్వభావము ఎవరును విడమరచి చెప్పకయే తెలియును. ఒకచోట ఎర్రనేలలు, ఒకచోట రేగడి చేలు, నడుమ గుట్టలు, గుండ్రాళ్లు, తుమ్మచెట్లు. జనులు హగరి యని పిలుచు వేదవతి ఇసుక మేటల నడుమ సన్నని పాయయై కనబడును. పెక్కు మాసములు అదియును కనబడదు. అనంతపురము జిల్లాలో ఏడాదికి కురియు వాన సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతము. ఆ సగటైనను కాగితముమీది మాటయే గాని ప్రతియేటి మాట కాదు. ఇట్టి నేలపై సేద్యము చేయువాడు ఏటేట ఏరువాకకు ముందు తన్ను తాను ఒక ప్రశ్న వేసికొనక తప్పదు. ఏ చేను ఉంచుకొనవలెను? ఏ చేను వదలుకొనవలెను? ఎద్దులు రెండును బ్రతికియున్నచో ఒక లెక్క, ఒకటి చచ్చినచో మరియొక లెక్క. విత్తనపు గింజ మిగిలినచో ఒక లెక్క, కరవులో అదియును తినివేసినచో మరియొక లెక్క. చవిటి చేనిని పట్టుకొని వ్రేలాడినవాడు మునిగిపోవును. కష్టమునకు జడిసి మంచి చేనిని విడిచినవాడును మునిగిపోవును. తెలుగువారు పట్టు విడుపు అను రెండు మాటలను జంటగా పలుకుట ఊరక కాదు.

ఈ ప్రశ్నను రైతుకే విడిచిపెట్టవలెనని, దానికి తన యిచ్చ వచ్చినట్లు సమాధానము చెప్పుకొను స్వేచ్ఛ అతనికి ప్రతి సంవత్సరము ఉండవలెనని ప్రభుత్వముతో వాదించినవాడు ఒక పరదేశీయుడు, వృత్తిచేత సైనికుడు. ఆయన థామస్ మన్రో. రాయలసీమ పల్లెలలో మన్రో దొర యనినచో నేటికిని తెలియనివారు అరుదు. ఆయన జీవితమును ఆమూలాగ్రముగ పరిశీలించినచో, ఏది పట్టవలెను, ఏది విడువవలెను అను విచికిత్స దానిని మొదటినుండి తుదివరకు వెన్నాడినట్లు కనబడును. కొన్నిచోట్ల ఆయన సరిగా తేల్చుకొనెను. కొన్నిచోట్ల తేల్చుకొనలేకపోయెను. ఆ రెండవదానికి ఆయన ప్రాణమునే మూల్యముగా చెల్లించెను.

మన్రో 1761 మే 27వ తేదీన స్కాట్లండులోని గ్లాస్గో నగరమున జన్మించెను. తండ్రి అమెరికాతో వర్తకము చేయు వ్యాపారి. బాల్యమున సోకిన వ్యాధివలన బాలునికి కొంత చెవుడు వచ్చెను. అది జీవితాంతము విడువలేదు. గ్లాస్గో విశ్వవిద్యాలయమున గణితము, రసాయనశాస్త్రము ఇష్టముతో చదివెను. డాన్ క్విక్సోట్ గ్రంథమును మూలములో చదువవలెనను కోరికతో, గురువు లేకయే, వ్యాకరణము నిఘంటువు దగ్గర పెట్టుకొని స్పానిషు భాష నేర్చుకొనెను. అమెరికా స్వాతంత్ర్య యుద్ధముతో తండ్రి వ్యాపారము కూలిపోయెను. ఇల్లు నిలుపుటకు కొడుకు ఊరు విడువవలసి వచ్చెను. ఈస్టిండియా కంపెనీ సైన్యమున చిన్న కొలువు సంపాదించుకొని, 1780 జనవరిలో పందొమ్మిదేండ్లయినను నిండకుండ చెన్నపట్టణపు రేవున దిగెను.

దిగిననాడే ఆయనకు ఈ దేశమున తొలి పాఠము దొరకెను. పెద్దమనిషివలె కనబడిన నౌకరొకడు, సీమనుండి తెచ్చిన దుస్తులేవియు ఇచ్చట పనికిరావనియు, వానిని వదలుకొని క్రొత్తవి కుట్టించుకొనుట మర్యాద యనియు నమ్మబలికెను. కుర్రవాడు బట్టలను, క్రొత్తవానికై డబ్బును అతని చేతిలో పెట్టెను. పెద్దమనిషి మరల కనబడలేదు. ఈ కథను మన్రో తరువాత తానే నవ్వుచు ఇంటికి వ్రాసెను. తరువాతి బ్రతుకు మరింత ముచ్చటైనది. మూడేండ్లపాటు ఆయనకు తలగడ యనదగినది లేదు. ఒకనాడు పుస్తకము, ఒకనాడు తూటాల సంచి తలక్రింద పెట్టుకొని నిద్రించెను. వచ్చిన స్వల్ప జీతములో కొంత మిగిల్చి తలిదండ్రులకు పంపెను. అక్కరలేనిది విడుచుటకు ఆయనకు బోధ అవసరము లేకపోయెను; పేదరికమే ఆ బోధ చేసెను.

హైదరాలీతోను, టిప్పుతోను జరిగిన యుద్ధములలో పన్నెండేండ్లు గడచెను. 1792లో బారామహలు సీమ కుంఫిణీ వశమైనప్పుడు కెప్టెన్ రీడ్ అను అధికారి చేతిక్రింద మన్రో శిస్తు వ్యవహారములలో ప్రవేశించెను. ఖడ్గము ఒరలో పెట్టి గొలుసు పట్టుకొన్నది అప్పుడే. ఊరూర తిరిగి రైతుతో ముఖాముఖి మాటలాడి, నడుమ జమీందారుగాని గుత్తదారుగాని లేకుండ శిస్తు నిర్ణయించు రైతువారీ పద్ధతికి అంకురార్పణ జరిగినది అచ్చటనే. ఏడేండ్లు అచ్చట గడపెను. ధర్మపురిలో తాను పెంచుకొన్న తోటను విడిచి వచ్చునప్పుడు ఆయన మిక్కిలి బాధపడెను. యుద్ధములలో ఇన్ని విడిచిన మనిషి నాలుగు చెట్లను విడువలేక కలగుట వింతగా తోచవచ్చును. చెట్లు పెంచినవారికి తోచదు.

1799లో శ్రీరంగపట్టణము పడిపోయిన పిదప ఆయనను కన్నడ తీరమునకు కలెక్టరుగా పంపిరి. అది ఎడతెగని వానల సీమ. గుడారము వేయుటకు వీలుండదు, ఊళ్లు తిరుగుటకు వీలుండదు. ఆయన ఆ కొలువును వదలగోరెను; తనను దత్తమండలములకు పంపుమని అర్థించెను. వానలు వద్దని, వాన లేని సీమను కోరుకొని వచ్చినవాడు చరిత్రలో మరియొకడు ఉండడేమో!

దత్తమండలములు అను పేరునకు మూలము కూడ ఒక విడుపే. మైసూరు యుద్ధముల ఫలితముగా 1792, 1799 సంధులలో నిజాము కొన్ని సీమలను పొందెను. 1800 అక్టోబరు 12న జరిగిన ఒడంబడికలో, తన రక్షణకై ఉంచిన ఇంగ్లీషు సైన్యపు ఖర్చు క్రింద ఆ సీమలనే కుంఫిణీకి ధారపోసెను. నేటి అనంతపురము, శ్రీ సత్యసాయి, కడప, బళ్లారి ప్రాంతములు, కర్నూలు సీమలో కొంత భాగము అందులోనివి. ప్రజలను ఎవరును అడిగినవారు లేరు. ఇచ్చినవాడు ఒకడు, పుచ్చుకొన్నవాడు ఒకడు, దత్తు పోయినవారు వేరొకరు. ఆ పేరులోని అవమానమును గుర్తించి, 1928లో నంద్యాలలో జరిగిన సభయందు పెద్దలు దానిని విసర్జించి రాయలసీమ యను పేరును స్వీకరించిరి. పేరును సయితము ఎప్పుడు వదలవలెనో తెలిసియుండవలెను గదా.

1800 సంవత్సరాంతమున మన్రో ఈ సీమకు మొదటి కలెక్టరుగా వచ్చెను. వయస్సు ముప్పదితొమ్మిది. అనంతపురమున కచేరీ. ఎదురుగా ఎనుబదిమంది పాలెగాండ్రు, వారి చేతిక్రింద దాదాపు 30,000 మంది ఆయుధపాణులైన బంట్రోతులు. ప్రతి దుర్గమును ఒక రాజ్యము. రాయదుర్గపు కథ అందులకు నిదర్శనము. విజయనగర ప్రభువుల పతనానంతరము పెనుకొండనుండి వచ్చిన నాయకులు ఈ కొండను ఏలిరి. వారిలో వెంకటపతి నాయకుని టిప్పు సుల్తాను పట్టుకొని శ్రీరంగపట్టణమున బంధించెను. టిప్పు మరణించిన పిదప ఆ వంశీయుడు రాజగోపాల నాయకుడు తన కొండకు తిరిగివచ్చి అధికారము నిలుపుకొనజూచెను. నిజాము కొలువువారు అతనిని హైదరాబాదుకు కొనిపోయిరి. సీమ కుంఫిణీ పరమైన తరువాత అతడు గుత్తికి మార్చబడి, అచ్చటనే నిర్బంధమున కన్నుమూసెను. అతని కుటుంబమునకు పింఛను దక్కెను; కొండ దక్కలేదు.

పాలెగాండ్ర విషయమున మన్రోకు సందేహము లేదు. ఒక రైతునుండి ఇద్దరు శిస్తు గుంజుకొనరాదనియు, ఒక సీమలో రెండు సైన్యములుండరాదనియు ఆయన నిశ్చయము. లొంగినవారికి పింఛను ఇచ్చెను. లొంగనివారిపై సైన్యమును నడపెను. ఆదోని సీమలోని తెర్నేకల్లు గ్రామస్థులు శిస్తు చెల్లింపక తిరుగబడినప్పుడు ఆ ఊరిపై ఫిరంగులు మ్రోగినవి. ఆయన కాఠిన్యమును లండనులోని కుంఫిణీ డైరెక్టర్లే ఆక్షేపించిరి. పల్లెలు దోపిళ్లనుండి తెరపి పొందినమాట నిజము. కాని బలవంతముగా విడిపించినదానిని జనులు అంత సులభముగా మరువరు. నొస్సము పాలెగాని దౌహిత్రుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో తిరుగబడి, 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరికంబమెక్కిన వృత్తాంతము ఆ పాత లెక్కకు తరువాయి. తెలుగు పల్లెలు మన్రోను తలచుకొన్న నోటితోనే రెడ్డిగారిపై పాటలు కట్టుకొన్నవి. ఇందులో వైరుధ్యమున్నదని పల్లెలకు తోచలేదు.

తిరుగుబాట్లు అణగిన పిమ్మట అసలు పని మొదలయ్యెను. ఏడేండ్లు మన్రో ఇల్లు గుడారమే. ఉదయమున బయలుదేరి ఒక ఊరు, సాయంకాలమునకు మరియొక ఊరు. రెడ్డి, కరణము, రైతులు చుట్టును కూర్చుండగా చెట్టుక్రింద జమాబందీ. చెవుడు గల మనిషి ప్రతివాని మాట వినవలెనని పట్టుపట్టుట గమనింపదగినది. ముప్పదిమూడడుగుల గొలుసులతో గుమాస్తాలు చేలను కొలిచిరి. ఆ గొలుసు నలుచదరము ఒక గుంట. అట్టివి నలుబది కూడిన ఒక ఎకరము. కొలత వెంట మదింపు. రేగడి యేది, ఎర్రనేల యేది, చవుడేది, చెరువు క్రింది మాగాణి యేది, కపిల తోలుకొను బావితోట యేది అని చేను చేనుకును తరము కట్టిరి. రైతు అంగీకరింపనిచో మరల చూచుటయు కలదు. కొండలు, గుట్టలు తక్క సీమ అంతయు కాగితముమీదికి ఎక్కెను. నేటికిని మన పొలములకు నంబరులు, పట్టాలు ఉన్నవనిన, ఆ వాడుక కాలాంతరమున అట్టి కొలతలనుండి పుట్టినదే.

అయితే శిస్తు ఎంత? ఇచ్చటనే చిక్కు. ఆయన కట్టించిన శిస్తు మొత్తము పంటలో నూటికి నలుబదియైదు పాళ్ల ప్రాంతమున నిలిచెను. ఆయన కాలమున ఈ సీమ రాబడి 4,02,637 పౌండ్లనుండి 6,06,909 పౌండ్లకు పెరిగెను. దానిని గొప్పగా చెప్పుకొనువారు కలరు. నడుమ 1803లో కరవు వచ్చెను. ఎముకలు తేలిన పశువులను, పాడువడిన ఇండ్లను చూచుచు ఊళ్లు తిరిగిన కలెక్టరు ఆ అంకెలను చూచి సంతోషించియుండునా? తరువాత ఆయన వ్రాసిన వ్రాతలను బట్టి చూడగా సంతోషింపలేదనియే తలపవలెను. తాను పెంచినది ఎక్కువ యైనదని ఆయనకు తెలియును. చెన్నపట్టణపు ఖజానాకు యుద్ధపు ఖర్చులు నెత్తిమీద నుండెను; కలెక్టరు నడుమ నుండెను.

1807 ఆగష్టు 15న, సీమను విడిచి స్వదేశమునకు పోవుటకు ముందు, ఆయన రెవెన్యూ బోర్డుకు ఒక లేఖ వ్రాసెను. ఆయన వ్రాతలలో దీనిని మించినది లేదు. తాను నిర్ణయించిన శిస్తును తానే తగ్గించుమని అందు కోరెను. అన్ని భూములపై నూటికి ఇరువదియైదు తగ్గింపవలెను. బావులక్రింది భూములకు, వాగులనుండి ఏతములవంటి సాధనములతో నీరు తోడుకొను భూములకు మరి ఎనిమిది, అనగా మొత్తము ముప్పదిమూడు తగ్గింపవలెను. బావి మరమ్మతు రైతు చూచుకొనవలెను. చిన్న చెరువులను బాగుచేసికొనుటకు ఒప్పుకొన్నవారికిని అట్టి తగ్గింపే. అన్నిటికంటె ముఖ్యమైనది ఈ క్రింది నియమము. ప్రతి రైతు ఏడాది చివర తన భూమిలో కొంత వదలుకొనుటకు గాని, ఎక్కువ పుచ్చుకొనుటకు గాని స్వేచ్ఛ కలిగియుండవలెను. అయితే వదలుకొన్నను పుచ్చుకొన్నను ఏరుకొనరాదు; మంచి నేలను, చెడ్డ నేలను తగు పాళ్లలో కలిపియే వదలవలెను, కలిపియే పుచ్చుకొనవలెను. ఉంచుకొన్నంతవరకు ఆ భూమి అతని సొత్తు.

ఈ నియమమునకు గల విలువ మెట్టసీమ సేద్యము ఎరిగినవారికే పూర్తిగా అవగతమగును. నీటి వసతి గల కృష్ణా గోదావరీ తీరములందు ఒక ఏడు దున్నిన చేను మరుసటి ఏడును దున్నబడును. రాయదుర్గము వంటిచోట్ల అట్లు కాదు. ఎర్రనేలలో పైమన్ను జానెడు. కొఱ్ఱ, సజ్జ, ఉలవ రెండు మూడు పంటలు తీయగనే అది అలసిపోవును. దానిని బీడు పెట్టి పసరము మేపుకొని, మరియొక చేనిని తెరువవలెను. రేగడి చేను తడి పట్టియుంచును గాని, దానిని దున్నుటకు బలమైన ఎద్దులు కావలెను. గరిక అల్లుకొన్నచో గుంటక కదలదు. కరవులో ఎద్దులు పోయిన రైతు పదునైదు ఎకరములకు శిస్తు కట్టుచు ఐదెకరములే దున్నుకొనుట అప్పుల ఊబిలో దిగుట. వానిచేత ఆ పదెకరములను విడిపించుట దయ కాదు, లెక్క తెలిసిన పని. ఎద్దులు సమకూడిన ఏడు అతడే వచ్చి మరల పుచ్చుకొనును. భూమిని పుచ్చుకొనుటకు దరఖాస్తు, వదలుకొనుటకు రాజీనామా అని రైతువారీ కచేరీలలో మాటలు నిలిచినవి. నేడు ఉద్యోగము మానుకొనువారు ఇచ్చు కాగితమునకు మాత్రమే మిగిలిన ఆ రాజీనామా యను మాట ఒకనాడు చేనుగట్టుమీది మాట.

శిస్తు తగ్గించనిదే ఈ స్వేచ్ఛ నీటిమీది వ్రాతయని మన్రో ఎరుగును. శిస్తు ఎక్కువైనచో రైతులందరు భూములు వదలివేయుదురు. రాబడి తగ్గునను భీతితో తహశీలుదార్లు వదలనీయరు. వలదన్న చేనిని బలవంతముగా అంటగట్టుదురు. ఆ చెడుగు పలు తాలూకాలలో జరుగుచునే యుండెను. కనుక రెండు విడుపులును జంటగా నుండవలెను. దొరతనము తన పాలులో కొంత విడువవలెను, రైతు తన భూమిలో కొంత విడువగలుగవలెను. అప్పుడే మిగిలినది నిలుచును. అప్పుడే భూమికి అమ్మకపు విలువ కలిగి, బావి త్రవ్వుకొనవలెనను బుద్ధి పుట్టును.

చెన్నపట్టణము విన్నదా? వినలేదు. చేతికి వచ్చుచున్న రాబడిని విడుచుటకు ఏ ఖజానాకు మనసొప్పును? మన్రో ఓడ యెక్కి పోయినంతనే రైతువారీని ప్రక్కన పెట్టి, 1808 ప్రాంతమున గ్రామములను మూడేండ్ల గుత్తకిచ్చిరి. పిదప పదేండ్ల గుత్తకిచ్చిరి. గుత్తదారులు రైతులను పిండిరి. వానలు లేని ఏండ్లలో తామును దివాలా తీసిరి. ఇట్లు పదేండ్లకు పైగా పోయినవి. పట్టు ఎక్కువైన చేతిలో ఇసుక నిలువనట్లు, కుంఫిణీ చేతిలో అటు రాబడియు నిలువలేదు, ఇటు రైతును మిగులలేదు.

మన్రో ఇంగ్లండులో ఊరక కూర్చుండలేదు. 1813లో కుంఫిణీ పట్టా పునరుద్ధరణ విచారణలో పార్లమెంటు ఎదుట సాక్ష్యమిచ్చెను. నాగరికతను రెండు దేశములు సరకువలె మార్చుకొనునెడల హిందూదేశమునుండి దిగుమతివలన ఇంగ్లండుకే లాభమని ఆయన చెప్పిన సాక్ష్యము ఆనాటి సభికులను విస్మయపరచెను. 1814లో జేన్ క్యాంబెల్ అను యువతిని వివాహమాడి, న్యాయవ్యవహారముల సంస్కరణకై మరల చెన్నపట్టణము చేరెను. 1816 నాటి చట్టములు గ్రామ మునసబులకు, పంచాయతీలకు అధికారము కల్పించినవి. తరువాత మహారాష్ట్ర యుద్ధము, మరల స్వదేశ యాత్ర. 1820 జూన్ నెలలో చెన్నరాష్ట్రమునకు గవర్నరు.

గవర్నరు కాగానే ఆయన చేసిన తొలి పనులలో ఒకటి, పదుమూడేండ్ల క్రింద కలెక్టరు మన్రో కోరినదానిని మంజూరు చేయుట. 1820లో దత్తమండలములలో మెట్టకు, మాగాణికి నూటికి ఇరువదియైదు, తోటభూములకు ముప్పదిమూడు వంతున శిస్తు తగ్గెను. వదలుకొను హక్కు తిరిగి వచ్చెను. ఇది పూర్తి మేలని చెప్పరాదు. తగ్గిన శిస్తు సయితము వానలు లేని ఏట బరువే. 1876–78 నాటి మహాక్షామము బళ్లారి జిల్లాలో ఐదవ వంతు జనమును మింగివేసినప్పుడు ఏ పద్ధతియు అడ్డుపడలేదు. అయినను, తాను కట్టిన లెక్క తప్పని తానే వ్రాసి, అధికారము చేతికి వచ్చినంతనే దానిని దిద్దిన అధికారులు ఏ కాలమునను పెక్కుమంది కానరారు.

ఉపాధ్యాయులకు ఆసక్తి కలిగించు విషయము మరియొకటి. 1822లో మన్రో రాష్ట్రమందలి వీధిబడుల లెక్క తీయించెను. 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు అని తేలెను. అనగా ఇంచుమించు వేయిమంది జనమునకు ఒక బడి. అప్పుడు రాయదుర్గము చేరియున్న బళ్లారి జిల్లా వివరములను 1823లో పంపినవాడు కలెక్టరు ఏ. డి. క్యాంబెల్, 1816లో తెలుగు వ్యాకరణము నింగ్లీషున ప్రకటించినది ఆయనయే. ఆ జిల్లాలో 533 బడులుండెను. కన్నడము 235, తెలుగు 226, మరాఠీ 23, సంస్కృతము 23, పారసీకము 21, అరవము 4, ఇంగ్లీషు ఒకే ఒకటి. చదువుకొనువారు 6,641 మంది. రెండు భాషలు గట్టుకు గట్టు ఆనుకొనియున్న ఆ సీమ స్వరూపము ఈ అంకెలలో అద్దమువలె కనబడుచున్నది. సీమబట్టల దిగుమతితో మగ్గములు మూలబడి, నేతపనివారు పేదలై, ఒడలు సత్తువ పట్టగనే బిడ్డలను పనికి పంపుచున్నారని క్యాంబెల్ ఆ నివేదికలోనే వ్రాసెను. చదువును విడిచి కూలిని పట్టుట వారి కోరిక కాదు, గతి. 1826లో మన్రో జిల్లాకు రెండు పెద్ద బడులు, తహశీలుకు ఒక బడి పెట్టవలెనని నిర్ణయించెను. ఉపాధ్యాయునికి జిల్లా బడిలో నెలకు 15 రూపాయలు, తహశీలు బడిలో 9 రూపాయలు. ఆయన పోయిన పదేండ్లలోపుననే ఆ బడులను రద్దు చేసిరి. మొదట విడువబడునది ఎప్పుడును బడియే కాబోలు.

1824 డిసెంబరు 31న ఆయన వ్రాసిన దీర్ఘమైన వ్రాత మరియొక విడుపును గూర్చినది. ఈ దేశీయులు తమ్ము తాము పాలించుకొనగల స్థితికి వచ్చిననాడు ఇంగ్లీషువారి అధికారము క్రమక్రమముగా తొలగుటయే ఉభయులకు మేలని అందు ఆయన అభిప్రాయపడెను. పెద్ద ఉద్యోగములనుండి దేశీయులను దూరముగా నుంచుట వారి శీలమునే దిగజార్చునని హెచ్చరించెను. అర్హత వచ్చినదో లేదో తేల్చువాడు ఏలువాడే యగుట ఈ వాదములోని లోపము; ఆ అర్హతకు అడ్డుగా ఆయన ఎంచినవి మన మూఢాచారములే గాని తమ తుపాకులు కావు. కాని రాజ్యము విస్తరించుచున్న దినములలో, రాజ్యము నేలుచున్న మనిషి, ఎన్నడో దానిని విడువవలసి వచ్చునని వ్రాసిపెట్టుట సామాన్యము కాదు. 123 ఏండ్లకు ఆ దినము వచ్చెను, క్రమక్రమముగా మాత్రము కాదు.

ఇతరులు ఏమి విడువవలెనో ఇంత స్పష్టముగా చూచినవాడు తన విషయమున ఏమి చేసెను? 1823లోనే ఆయన తన పదవికి రాజీనామా వ్రాసి పంపెను. దేహము అలసెను, స్వదేశముపై మనసు మరలెను. అంతలో 1824లో బర్మా యుద్ధము వచ్చెను. సైన్యము, ధాన్యము, ఓడలు చెన్నపట్టణమునుండియే పోవలెను. నడుమ విడిచిపోవుట ధర్మము కాదని ఆయన నిలిచిపోయెను. యుద్ధము 1826లో ముగిసెను. ఆ సంవత్సరముననే చిన్న కుమారుడు జబ్బుపడుటచే భార్య వానిని తీసికొని సీమకు ఓడ యెక్కెను. అటుపిమ్మట గిండీ తోటలో ఒంటరిగా నడచుట తనకెంత శూన్యముగా తోచుచున్నదో ఆయన భార్యకు వ్రాసెను. ధర్మపురి తోటను విడువలేక బాధపడినవానికి ఇప్పుడు తోట యున్నది, తోటలో తోడు లేదు. రాజీనామా అంగీకరింపబడెను, క్రొత్త గవర్నరు రాక మాత్రము ఆలస్యమగుచుండెను.

వేచియుండవచ్చును. కాని ఆయన వేచియుండలేదు. దత్తమండలములను కడసారి చూచి రావలెనని 1827 మే నెలాఖరున బయలుదేరెను. వేసవి తీరలేదు, దారిపొడుగున విషూచి వ్యాపించియుండెను. వలదని చెప్పదగిన కారణములెన్నియో గలవు. ఇరువదియేడేండ్ల క్రింద గుడారము వేసిన సీమ పిలిచెను. జూలై 4న గుత్తి చేరునప్పటికి వెంటనున్న సిపాయిలలో కొందరికి వ్యాధి తగిలెను. 6వ తేదీ ఉదయము పత్తికొండలో ఆయనకు సోకెను. ఆ రాత్రియే గుడారములో ప్రాణము విడిచెను. వయస్సు అరువదియారు. మరునాడు గుత్తి కోటక్రింద సమాధి చేసిరి. 1831లో అస్థికలను చెన్నపట్టణపు కోటలోని చర్చికి మార్చిరి.

పల్లెలు ఆయనను తమకు తోచిన తీరున నిలుపుకొన్నవి. బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొన్నవారు గలరు. మంత్రాలయమున మఠపు ఇనాము విషయము విచారింప వచ్చిన కలెక్టరుతో రాఘవేంద్రస్వామి బృందావనమునుండి మాటలాడెనని ఒక కథ. పాపఘ్ని నది కొండను చీల్చుకొని వచ్చు గండిలో, పుణ్యాత్ములకు మాత్రమే కనబడు బంగారు తోరణము ఆయనకు కనబడెననియు, అది చూచినవాడు ఎక్కువ కాలము బ్రతుకడని వెంటనున్నవారు కలవరపడిరనియు మరియొక కథ. చరిత్రకారుడు వీనిని ఒప్పుకొనకపోవచ్చును. శిస్తు అధికారికి దైవదర్శనము కల్పించిన జనుల మనసును మాత్రము ఆయన లెక్కలోనికి తీసికొనక తప్పదు. చెన్నపట్టణమున 1839లో శిల్పి చాంట్రీ చెక్కిన విగ్రహము నిలిపిరి. గుఱ్ఱముపై మన్రో, జీను లేదు, కాలు మోపుటకు రికాబు లేదు. పత్తికొండలో ఆయన మరణించినచోట ప్రభుత్వమువారు ఒక తోపు వేయించి, మెట్లబావి త్రవ్వించిరి. గుత్తిలో ఆయన పేర సత్రము వెలసెను.

క్రొత్త గవర్నరు లషింగ్టన్ చెన్నపట్టణపు రేవున దిగినది ఆ సంవత్సరము అక్టోబరులో. అప్పటికి గుత్తిలోని మట్టిపై ఒక వానకాలము గడచిపోయెను.